ముఖం మేరకు ముసుగు

ఆఫీసులో ఆమెను ముసుగక్క అంటారు. ఆ పేరు పెట్టినవాడు ఎప్పుడో బదిలీ అయిపోయాడు గానీ పేరు మాత్రం సీటుకు అంటుకుపోయింది. కొత్తగా చేరినవాళ్ళు కూడా మొదటిరోజే "ముసుగక్కా, స్టేప్లర్ ఇస్తారా?" అని అడిగేస్తారు. ఆమె ఇస్తుంది. కోపం తెచ్చుకోదు. ఈ మధ్య ఆమెకు కోపమనే కాదు, ఏదీ సరిగ్గా రావడం లేదు.

ఉద్యోగం అలాంటిది. వీధి స్తంభాల మీద కెమెరాలు తీసిన దృశ్యాలను ఇదివరకు ఎవరు పడితే వాళ్ళు చూసేవారు, ఎవరికి పడితే వాళ్ళకు పంపేవారు. బస్సు కోసం నిలబడి ముక్కులో వేలు పెట్టుకున్న పెద్దమనిషి సాయంత్రమయ్యేసరికి ఊరందరి ఫోన్లలోనూ ముక్కులో వేలు పెట్టుకుని ఉండేవాడు. కొత్త నిబంధనలు వచ్చాక ఆ వేడుకకు తెరపడింది. ఇప్పుడు కెమెరాలో పడ్డ మనిషి తనున్న దృశ్యాన్ని అడగవచ్చు. అడిగితే చూపించి తీరాలి. అయితే అందులో ఉన్న మిగతావాళ్ళ ముఖాలు బయటపడకూడదు. ఆ ముఖాల మీద నల్ల డబ్బాలు వేసే పని ఈమెది.

చెప్పుకోవడానికి సులువు. దృశ్యాన్ని ఆపి, ముఖం చుట్టూ మౌసుతో డబ్బా గీస్తే అది తనంతట తానే మనిషి వెంట నడుస్తుంది. నడుస్తుందని నమ్మి కూర్చుంటే మాత్రం నట్టేట మునిగినట్టే. మనిషి వంగితే డబ్బా పైనే ఉండిపోతుంది. స్తంభం చాటుకు వెళితే స్తంభాన్ని పట్టుకుని వేలాడుతుంది. ఒకసారి ఒకాయనను నడిరోడ్డు మీద వదిలేసి, పక్కన పోతున్న కుక్కకు తగులుకుంది. కుక్క పరువు దక్కింది, ఆయన పరువు పోయింది. అప్పటినుంచి పెద్దసారు "ముసుగు వెయ్యడం కాదమ్మా, జారకుండా చూడటం నీ ఉద్యోగం" అంటూ వస్తున్నాడు.

అందుకని ఆమె ఒక్కో బొమ్మనూ ఆపి చూస్తుంది. చూస్తుందంటే, ముఖాన్ని కాదు. నుదురు ఎక్కడ మొదలైంది, గడ్డం ఎక్కడ ఆగింది, అంతే. మధ్యలో ఉన్నది నవ్వో ఏడుపో ఆమెకు పట్టదు. మొదట్లో పట్టేది. ఇప్పుడు రోజంతా జనాన్ని కప్పి ఇంటికి వెళితే, దారిలో ఎదురయ్యేవాళ్ళ ముఖాలకు కూడా చుట్టూ నాలుగు గీతలు కనిపిస్తాయి. కుడిచేతి వేళ్ళు మూడు ఎప్పుడూ తిమ్మిరెక్కి ఉంటాయి. విదిలిస్తే కాసేపు తగ్గినట్టుంటుంది, మళ్ళీ మామూలే.

ఆ ఉదయం కిటికీ దగ్గరికి గొడుగులు బాగుచేసే తాత వచ్చాడు. ఎడమచేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా కట్టు. చంకలో ఒక గొడుగు. ముందు గొడుగును బల్ల మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, ఆ తర్వాత జేబులోంచి కాగితం తీశాడు.

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా చూపించడానికి?"

"రెండు మూడు రోజులు తాతా. ఎక్కడ జరిగింది?"

"మెట్ల వంతెన కింద. నా చోటే. గస్తీ అబ్బాయొచ్చి సామాను తియ్యమన్నాడు. తీస్తున్నానయ్యా అంటూనే ఉన్నా. తోసేశాడు."

"తోసిందెవరో చూశావా?"

"నా కళ్ళ సంగతి నీకు తెలీదు. పొర కమ్మేసింది. గొడుగు పుల్లంటావా, వేళ్ళకి తెలుస్తుంది. మనిషి ముఖం వేళ్ళతో తడమలేను గదా!" తాత తన మాటకు తనే నవ్వాడు. "ఎవడైతే నాకేంటమ్మా. వాణ్ణి పట్టుకుని ఏం చేసుకుంటాను? నా చోటు నాకుంటే చాలు. చేతికి కట్టుతో ఇంట్లో కూచుంటే, చోటు ఖాళీగా ఉంది గదా అని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారంట. మార్కెట్ ఆఫీసుకెళ్ళి మొత్తుకున్నా. 'నీ అంతట నువ్వు పడితే మా పూచీ లేదు. మావాళ్ళు తోసుంటే మాత్రం కట్టు విప్పేదాకా నీ చోటు ఎవరికీ ఇవ్వం' అన్నారు. మరి నేను పడ్డానా, తోశారా? అదొక్కటి తేల్చిపెట్టు తల్లీ."

"తేల్చడం మా పని కాదు తాతా. చూపిస్తాం, అంతే."

"చూపిస్తే అదే తేలుతుంది" అన్నాడు తాత.

ఊళ్ళో గస్తీవాళ్ళకు కొదవ లేదు. మార్కెట్ ఆఫీసు వాళ్ళకందరికీ ఒకే నీలం చొక్కా, ఒకే తెల్ల టోపీ ఇచ్చి వీధుల మీదికి వదిలింది. ఆమె తమ్ముడు చిన్నోడు కూడా గస్తీవాడే. ఆ సంగతి ఆమె మనసులోకి వచ్చింది గానీ కూర్చోకుండానే వెళ్ళిపోయింది. ఆమె కాగితం మీద ముద్ర వేసి, తాతకు గొడుగు అందించింది.

మధ్యాహ్నం టీ తాగి ఆ పని ముందేసుకుంది. మెట్ల వంతెన దగ్గరి కెమెరా ఎత్తున ఉంటుంది. మనుషులు తలలుగా మొదలై కాళ్ళుగా ముగుస్తారు. కళ్ళు మండుతాయని ఆమె తన తెర వెలుతురు బాగా తగ్గించుకుంది. అందుకని ఏ వీధైనా ఆమెకు మబ్బుపట్టినట్టే కనిపిస్తుంది.

వంతెన మెట్ల కింద తాత కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తెరిచిన గొడుగు, చుట్టూ పుల్లలు, పిడులు, తీగచుట్ట. సంచి మోసుకుపోతున్న ఆడమనిషి ఒకామె. డబ్బా వేసింది. సైకిలు నడిపించుకుపోతున్న అతను. డబ్బా వేసింది. ఇద్దరు పిల్లలు పరుగెత్తుతున్నారు. చిన్న డబ్బాలు రెండు. ఎడమ పక్కనుంచి నీలం చొక్కా వచ్చింది. నుదురు, గడ్డం, నాలుగు గీతలు. దానికీ డబ్బా వేసింది. వేసి, జారుతుందేమోనని మెల్లగా నడిపించి చూసింది.

నీలం చొక్కా ఏదో అంటోంది. తాత తల ఊపుతూ పుల్లలు ఏరుకుంటున్నాడు. నీలం చొక్కా రోడ్డు వైపు తిరిగి చూసి, మళ్ళీ ఇటు తిరిగి, తాత సామాను పెట్టెను కాలితో జరిపింది. తాత లేచి పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులు లేచాయి. తాత వెనక్కి పడ్డాడు, ఎడమచెయ్యి కింద పెట్టి.

అంతవరకు ఆమెకు ఏమీ కాలేదు. ఇలాంటివి ఎన్ని చూసింది! పడేవాళ్ళు పడుతూనే ఉంటారు, తోసేవాళ్ళు తోస్తూనే ఉంటారు, ఆమె డబ్బాలు గీస్తూనే ఉంటుంది. తర్వాతి బొమ్మకు వెళ్ళింది. నీలం చొక్కా తాత దగ్గరకు ఒక అడుగు వేసి ఆగింది. ఎడమచెయ్యి పైకి లేచి డబ్బాలోకి పోయింది. చెయ్యి లోపల, మోచేయి బయట.

ఆ మోచేయి దగ్గర ఆమె మౌసు ఆగిపోయింది.

చిన్నప్పుడు పాలగిన్నె ఒలకబోసినప్పుడు, బళ్ళో పలక పగలగొట్టుకొచ్చినప్పుడు, అమ్మ పోయిన రోజు గుమ్మంలో నిలబడ్డప్పుడు, వాడి ఎడమచెయ్యి అలాగే చెవి తమ్మె దగ్గరికి వెళ్ళేది. రెండు వేళ్ళతో తమ్మెను నలుపుతూ నిలబడేవాడు. మోచేయి సరిగ్గా అంతే పక్కకు పొడుచుకొచ్చేది. ముఖాన్ని ముందుపెట్టుకుని నుదురూ గడ్డమూ కొలిచిన మనిషి, ముఖం కప్పేశాక తమ్ముణ్ణి గుర్తుపట్టింది.

డబ్బా తీసి చూడాలనిపించింది. తీయలేదు. తీసి చూడటానికి ఇంకేం మిగిలింది?

నిబంధన ఒకటుంది. తెర మీద కావలసినవాళ్ళు కనిపిస్తే ఆ పనిని పక్క సీటుకు ఇచ్చేయాలి, ఎందుకని కూడా ఎవరూ అడగరు. పక్క సీటావిడ అప్పుడే వక్కపొడి నోట్లో వేసుకుంటూ "ఏంటి ముసుగక్కా, రాయిలా అయిపోయావు?" అంది.

"చెయ్యి తిమ్మిరి" అని వేళ్ళు విదిలించింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మరదలు నీలం చొక్కా ఒళ్ళో పెట్టుకుని సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతోంది. మూడు గదుల వాటా. ముందుగదిలో చిన్నోడు కాళ్ళు చాపుకుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. బూట్ల విషయంలో వాడు చాలా పట్టుదల మనిషి. ముఖం చూసుకోవచ్చు అన్నంతగా రుద్దుతాడు.

"రండి వదినా, సమయానికి వచ్చారు. మీ తమ్ముడి చొక్కా చంకలో పర్రున చిరిగింది. నా కుట్టు రెండ్రోజులు కూడా ఆగదు. మీరైతే గట్టిగా వేస్తారు."

ఆమె చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని చొక్కా అందుకుంది. రెండు చంకల్లోనూ కుట్టు తెగింది. కుడివైపు ఎక్కువగా.

"ఎలా చిరిగిందిరా?"

"పాతగుడ్డ అక్కా. చెయ్యెత్తితే చిరిగింది."

"చెయ్యెందుకెత్తావు?"

"సలాం కొట్టడానికి!"

"రెండు చేతులతోనా?"

మరదలు పకపకా నవ్వింది. "రెండు చేతులతో కొట్టినా తప్పులేదు వదినా. వచ్చే నెల్లో పర్మనెంటు చేస్తారంట. జాబితాలో ఈయన పేరుందని వాళ్ళ పెద్దాయనే చెప్పాడంట. కాళ్ళు కూడా ఎత్తి కొట్టమన్నాను."

చిన్నోడు నవ్వలేదు. బూటును దీపం వైపు తిప్పి చూసుకుంటున్నాడు.

ఆమె దారం పంటితో తెంపి ముడి వేసింది. గుడ్డను లోపలికి మడిచి, దగ్గర దగ్గరగా కుట్టు వేస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"మెట్ల వంతెన దగ్గర ఎవరో ముసలాయన పడ్డాడటగా?"

బ్రష్ ఆగింది. ఎడమచెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. వేళ్ళకున్న నల్లరంగు తమ్మెకు అంటుకుంది.

"ఆఁ. పడ్డాడనుకుంటా. ముసలాళ్ళు గదా, కాలు నిలవదు."

"నువ్వున్నావా అక్కడ?"

"నేను పక్క వీధిలో ఉన్నా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్నది మామూలు సామెత. వీడు చెవి తడుముకుంటాడు, అంతే తేడా. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం చెబుతాడు. దాన్ని కూడా మోయాలి. కుట్టు ముగించి, చంక దగ్గర రెండుసార్లు గట్టిగా లాగి చూసింది. ఊడలేదు.

"ఇప్పుడు ఎంతమందికైనా సలాం కొట్టు" అని చొక్కా వాడి ఒళ్ళోకి విసిరింది. సూది వేలికి గుచ్చుకుని రక్తపు చుక్క కనిపించేదాకా గుచ్చుకున్న సంగతి ఆమెకు తెలియలేదు.

మర్నాడు పెద్దసారు తన గదిలోకి పిలిచాడు. ఆయన మంచివాడే. ఎవరికీ అపకారం చెయ్యడు, తనకు అపకారం జరిగే అవకాశం ఉంటే మాత్రం ఎవరికీ ఉపకారం కూడా చెయ్యడు.

"ఆ గొడుగుల ముసలాయనది నీ దగ్గరే ఉందా? ఎంతవరకు వచ్చింది?"

"ముఖాలు అయిపోయాయి సార్."

"మార్కెట్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. వాళ్ళ మనిషి ఎవరైనా అందులో ఉంటే, ఒక్క ముఖం కప్పితే ఎలా, చొక్కా చూసి ఎవరైనా గుర్తుపడతారు గదా అంటున్నారు. మాటలో న్యాయముంది. నిబంధన చూడు. 'ముఖం మేరకు, లేదా గుర్తుపట్టే అవకాశమున్న మేరకు' అని ఉంది. ఎంత మేరకనేది మన ఇష్టం. కాబట్టి కాస్త పెద్ద డబ్బా వెయ్యి."

"ఎంత పెద్దది సార్?"

"మనిషంత."

"మనిషంత వేస్తే తోసింది కనపడదు సార్."

"తోశాడా?" అని అడిగి, ఆయన వెంటనే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు, నాకు చెప్పొద్దు. మనం చూసేవాళ్ళం కాదు, కప్పేవాళ్ళం. తర్వాత ఎవరైనా వచ్చి మా మనిషిని బయటపెట్టారని మన మెడకు చుట్టుకుంటే నువ్వూ నేనూ రోడ్డున పడతాం. పెద్దది వేస్తే ఎవరూ తప్పుపట్టరు."

ఇప్పుడైనా చెప్పవచ్చు. అది మా తమ్ముడు సార్, పక్క సీటుకు ఇచ్చేయండి అని. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఇచ్చేస్తే పక్క సీటావిడ వక్కపొడి నములుతూ మనిషంత డబ్బా ఒకటి గీసేస్తుంది. ఎవరు గీసినా అదే డబ్బా. మరి తనే గీస్తే ఏమైంది? అలా అనుకోవడం ఆమెకు తేలికగా ఉంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు గానీ, ఆమెకు కప్ప మీదా జాలి కలగలేదు, పాము మీదా భయం కలగలేదు. లోపల ఎవరో వెలుతురు తగ్గించేసినట్టుంది.

సీటుకొచ్చి పాత డబ్బాను పట్టుకుని కిందికి లాగింది. టోపీ పోయింది, చొక్కా పోయింది, చేతులు పోయాయి, మెరిసే బూట్లు పోయాయి. ఇప్పుడు మెట్ల వంతెన కిందికి ఒక నల్లటి తలుపు నడిచి వచ్చి తాత ఎదుట నిలబడింది. తాత లేచాడు. తలుపుకు కాస్త తగిలాడు. వెనక్కి పడ్డాడు. ముసలాయన కాలు నిలవక పడ్డాడని ఎవరైనా అనుకోవచ్చు.

ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఎక్కడా జారలేదు. ఇన్నేళ్ళలో ఇంత బాగా వేసిన ముసుగు లేదు. ఆ పూట అన్నం డబ్బా తెరిచి, మూత పెట్టేసి, మళ్ళీ పనిలో పడింది.

చూపించే రోజు వచ్చింది. చూపించే గది ఆఫీసు చివర ఉంటుంది. గోడకు పెద్ద తెర, నాలుగు కుర్చీలు. అడిగినవాళ్ళూ, అవతలి పక్షం వాళ్ళూ కలిసి చూసి, ఏం చూశారో అక్కడే రాసి సంతకాలు చేయాలన్నది నిబంధన. మార్కెట్ ఆఫీసు నుంచి ఒక గుమస్తా వచ్చాడు. జలుబుతో ఉన్నాడు, తొందరగా వదిలిస్తే ఇంటికి వెళ్ళి పడుకుందామని చూస్తున్నాడు. పెద్దసారు తలుపు దగ్గర కూర్చున్నాడు. తాత ఉతికిన చొక్కా వేసుకుని, కట్టు మీద కూడా శుభ్రమైన గుడ్డ చుట్టుకుని వచ్చాడు. గొడుగు కాళ్ళ మధ్య నిలబెట్టి, తెరకు ఎంత దగ్గరగా జరగవచ్చో అంత దగ్గరగా కుర్చీ జరుపుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుని దృశ్యం నడిపించింది.

"ఇది నేనే" అన్నాడు తాత సంబరంగా. "ఆ ఎర్రగొడుగు టీచరమ్మది. ఇంకా తీసుకెళ్ళలేదు." నల్లతలుపు వచ్చింది. "ఇదేంటమ్మా?"

"మనిషి తాతా. కప్పాం."

"ఇంత కప్పారా! చలికాలం కూడా కాదే."

గుమస్తా జేబురుమాలులో నవ్వాడు. తెర మీద తాత పడ్డాడు. కుర్చీలో ఉన్న తాత ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ చూపించమన్నాడు. మళ్ళీ పడ్డాడు. ఇంకోసారి చూపించమన్నాడు. మూడోసారీ పడ్డాడు. కుర్చీలో తాత కట్టును కుడిచేత్తో నిమురుకుంటూ కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఏం రాయమంటావు?" అన్నాడు గుమస్తా.

"ఏముంది రాయడానికి? కనపడలేదుగా." తాత గొంతు తగ్గింది. "నేనే పడ్డానేమోనమ్మా. చేతులు తగిలినట్టే అనిపించింది నాకు. ఇక్కడా, ఇక్కడా. కానీ ముసలితనం, ఏది తగిలిందో ఏది తగల్లేదో ఎవరికి తెలుసు? అన్యాయంగా ఆ పిల్లాడి మీద నింద వేశానేమో. ఇన్ని రోజులూ వాణ్ణి తిట్టుకుంటూ పడుకున్నా. పడ్డాననే రాయండి."

ఇక్కడా, ఇక్కడా అంటూ ఆయన తన రెండు భుజాల కింద వేలితో చూపించుకున్నాడు. సరిగ్గా అక్కడే తగిలాయి. ముసుగు లేని దృశ్యాన్ని చూసిన మనిషి ఈ గదిలో ఆమె ఒక్కతే. తాత ఒళ్ళు అబద్ధం చెప్పలేదు. ఒంటికి తెలిసిన నిజాన్ని ఆమె ఆయన చేతనే కాదనిపించింది. చోటు పోతే పోయింది, ఈ ముసలాయన ఇంటికి వెళ్ళి ఇక తన ఒంటిని కూడా నమ్మడు. ఆమె తన కుర్చీని తాత పక్కనుంచి కాస్త వెనక్కి జరుపుకుంది. అది సిగ్గని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

గుమస్తా కలం మూత తీశాడు. దృశ్యం మొదటికి వచ్చి మళ్ళీ నడుస్తోంది. ఆమె తల దించుకోబోయి, తెర అడుగుభాగాన్ని చూసింది.

ఈ తెరకు వెలుతురు ఎక్కువ. ఇక్కడ వీధికి మబ్బు లేదు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడి, కాలిబాట రాళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఆ రాళ్ళ మీద, నల్లతలుపు పాదాల దగ్గర మొదలై రోడ్డు వైపుకు సాగి, ఒక మనిషి పొడుగ్గా పడి ఉన్నాడు. తల, టోపీ అంచు, మెడ, భుజాలు. ఎండ గీసిన మనిషి. తన తెర మీద ఎన్నిసార్లు చూసినా కనిపించనిది ఇక్కడ పట్టపగల్లా కనిపిస్తోంది. ముసుగు జారలేదు. నీడకు వెయ్యాలని ఆమెకు తోచలేదు, అంతే.

ఎవరూ చూడటం లేదు. గుమస్తా కాగితం చూస్తున్నాడు. పెద్దసారు ఫోను చూస్తున్నాడు. తాతకు కనిపించదు. ఆమె ఊరికే కూర్చుంటే చాలు, అంతా అయిపోతుంది. వచ్చే నెల జాబితా వస్తుంది. మరదలు నవ్వుతుంది.

ఆమె దృశ్యాన్ని ఆపింది. లేచి తెర దగ్గరకు వెళ్ళింది.

"ఒక్క నిమిషం ఆగండి. తాతా, పైకి చూడకు. నేల చూడు." తాత చూపు తెర మీద తడబడుతుంటే, ఆయన మంచి చేతిని పట్టుకుని వేలిని నీడ మీద ఆనించింది. "ఇది టోపీ. ఇవి చేతులు. ఇప్పుడు చూడు."

ఒక్కో బొమ్మనూ కదిపింది. కాలిబాట మీద నీడకు రెండు చేతులు మొలిచాయి. ముందుకు సాగాయి. తాత నీడ భుజాలకు తగిలాయి. రెండు నీడలు ఒకటయ్యాయి. విడిపోయాయి. ఒకటి పడింది. నిలబడ్డ నీడ ఒక అడుగు వేసి ఆగి, ఎడమచెయ్యి ఎత్తి చెవి పట్టుకుంది.

అక్కడ ఆమె ఆపలేదు. చివరి బొమ్మ దాకా నడిపించింది.

గదిలో గుమస్తా తుమ్మాడు. పెద్దసారు లేచి నిలబడ్డాడు. "ఏంటమ్మా ఇది? దీనికి వెయ్యలేదేం? ఆపెయ్. తీసుకెళ్ళి దానికి కూడా వేసి తీసుకురా."

"చూపించేశాక మార్చకూడదు సార్. నిబంధనలో ఉంది."

"గుర్తుపట్టే అవకాశం..."

"నీడకు ముఖముండదు సార్. లేని ముఖానికి ముసుగెక్కడ వేస్తాం?"

ఆ మాట తనే అన్నదని నమ్మడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. పెద్దసారు ఆమె వైపు, ఇన్నాళ్ళూ కుర్చీ అనుకున్నది లేచి నిలబడితే చూసినట్టు చూశాడు.

గుమస్తా ముక్కు తుడుచుకుని తెర దగ్గరికి వచ్చాడు. టోపీ అంచును చూశాడు. "మా టోపీయే" అన్నాడు నెమ్మదిగా. కాసేపు కలం నమిలాడు. జలుబు మనిషైనా గుడ్డివాడు కాడు, పైగా చూసింది రాయకపోతే రేపు తన మెడకు చుట్టుకుంటుంది. "సరే. 'తోసినట్టు కనబడుతోంది' అని రాస్తున్నా. తాతా, కట్టు విప్పేదాకా నీ చోటు ఎవరికీ ఇవ్వరు. ఆ పూట అక్కడ ఎవరి డ్యూటీ ఉందో మేం చూసుకుంటాం."

ఆ చివరి ముక్క కూడా వస్తుందని ఆమెకు తెలుసు. లేచి తెర దగ్గరకు నడిచినప్పుడే తెలుసు.

తాత సంతకం పెట్టి గొడుగు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "అమ్మా, చివర్లో ఆ నీడ చెయ్యి పైకెత్తినట్టు తెలిసింది. ఏం చేశాడు?"

"చెవి పట్టుకున్నాడు తాతా."

"భయపడ్డాడన్నమాట" అన్నాడు తాత. "చిన్న పిల్లాడై ఉంటాడు పాపం."

రెండు రోజుల తర్వాత ఆమె ఇంటికి వెళ్ళేసరికి మరదలు నీలం చొక్కాను ఇస్త్రీ చేస్తోంది. ఉతికి, ఆరేసి, మడత నలగకుండా. తిరిగి ఇచ్చేయాలట. టోపీ పక్కన పెట్టి ఉంది. మరదలు "వచ్చారా వదినా" అనలేదు. ఇస్త్రీపెట్టెను చంక దగ్గరి కుట్టు మీద నుంచి తీసుకెళ్ళి, కాలర్ మీద ఆపి, కాలుతుందేమో అనేంతసేపు ఉంచి తీసింది.

"మీ చేతిమీదుగానే వెళ్ళిందంట గదా వదినా?" అంది చివరికి. గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "తెలీక చేశారని ఈయనతో అంటున్నా. తెలిస్తే ఎందుకు చేస్తారు?"

చిన్నోడు వెనకగదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బూట్లు మంచం కింద. రుద్దలేదు. ఆమె వెళ్ళి మంచం రెండో చివర కూర్చుంది.

"నన్ను గుర్తుపట్టలేదా అక్కా?"

"పట్టాను."

వాడు తల తిప్పాడు. ఆ సమాధానం వస్తుందని వాడు అనుకోలేదు. మరదలి మాటనే పట్టుకుని రెండు రోజులు గడిపినట్టున్నాడు.

"పెద్దాయన బండి వస్తోందన్నారు. మెట్ల కింద ఖాళీగా కనపడాలన్నారు. ఆయనేమో పుల్లలు ఒక్కోటీ ఏరుకుంటున్నాడు. బండి మలుపు తిరిగింది. అంత గట్టిగా తొయ్యాలని కాదక్కా..." ఆగాడు. "లేపుదామనుకున్నా. బండి వచ్చేసింది."

"చూశాను."

"ఆయన చోటు?"

"ఉంది. ఎవరికీ ఇవ్వరు."

వాడు తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "చూసి కూడా చూపించావా మరి? సొంత తమ్ముణ్ణి?"

ముందుగదిలో ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది.

"నీ ముఖం నేనే కప్పానురా" అంది ఆమె. "ముందు ముఖం కప్పాను. తర్వాత చొక్కా కప్పాను, చేతులు కప్పాను, నీ బూట్లు కూడా కప్పాను. ఇంకెవరూ నిన్ను చూడలేదు. నేను చూశాను కదా. నా మీద ఏ డబ్బా వేసుకోను?"

వాడి ఎడమచెయ్యి మెల్లగా చెవి దగ్గరికి వెళ్ళింది. తమ్మెకు మొన్నటి పాలిష్ నలుపు ఇంకా పూర్తిగా వదల్లేదు. ఆమె అటు చూసింది. నుదురు నుంచి గడ్డం దాకా కాదు, మధ్యలో ఉన్నదంతా చూసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గడ్డం గీసుకోలేదు. వాడికి చెంపల దగ్గర అప్పుడే రెండు మూడు వెంట్రుకలు నెరిశాయి. ఎప్పుడు నెరిశాయో ఏమో!

ఆమె చెయ్యి చాపి, వాడి చేతిని చెవి మీంచి దించి తన చేతిలో పెట్టుకుంది. వాడు లాక్కోబోయాడు, లాక్కోలేదు. చెయ్యి జ్వరం వచ్చినట్టు కాలిపోతోంది. ఆ వేడి తిమ్మిరి వేళ్ళలోకి సూదుల్లా ఎక్కుతుంటే ఆమెకు నొప్పి పుట్టింది. అయినా విడిచిపెట్టలేదు.